ఎడమ పాదం మీద పదకొండు చుక్కలు

నిన్న ఏడు. ఇవాళ పదకొండు.

హెడ్ నర్సు నీలం పెన్ను మూతను పళ్ళతో లాగి, కొత్తగా వచ్చిన నాలుగు ఎర్ర చుక్కల చుట్టూ నాలుగు సున్నాలు చుట్టింది. గుండుసూది తలకాయంత చుక్కలు. వేలితో అదిమినా మాయం కావడం లేదు. మడమ పక్కన మూడు, బొటనవేలి కింద ఒకటి. దుప్పటి ఎత్తి కుడి పాదం చూసింది. దాని మీద ఒక్క చుక్క కూడా లేదు. తనకీ ఈ గొడవకీ సంబంధమే లేనట్టు శుభ్రంగా ఉంది.

"సిస్టర్, బొమ్మ మొత్తం గీయడం అయ్యేలోగా నన్ను ఇంటికి పంపిస్తారా?" అన్నాడు మంచం మీది డ్రైవరు.

"బొమ్మ ఏమిటో తెలిశాక పంపిస్తాను" అంది ఆమె.

ఆయన ఇరవై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ పిక్క రాయిలా ఉంటుంది. అలాంటి మనిషి నాలుగు నెలల కిందట వంద అడుగులు నడిస్తే పిక్క పట్టేసి ఆగిపోవడం మొదలుపెట్టాడు. తొడలోని రక్తనాళం పూడుకుపోయింది. ఆరు వారాల కిందట ఇదే ఆసుపత్రిలో గజ్జల దగ్గర గుచ్చి, నాళంలోకి స్టెంట్ దించారు. సన్నటి లోహపు తీగతో అల్లిన జల్లెడ లాంటి గొట్టం అది. పూడిక తొలిగింది, కాలు వెచ్చబడింది, ఆయన ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. రెండు వారాలు గడిచాక జ్వరం మొదలైంది. వచ్చేది, పోయేది. తరవాత తొడలో సలుపు. ఆ తరవాత ఈ చుక్కలు. ఐదు రోజులుగా వార్డులో ఉన్నాడు.

హెడ్ నర్సును అందరూ డౌట్ సిస్టర్ అంటారు. సెలైన్ సీసా తగిలించే ముందు మూడుసార్లు లేబులు చదువుతుంది. ఎవరైనా "అంతా బాగుంది" అంటే "ఏం దాస్తున్నావ్?" అంటుంది. ఆ పేరు విని ఆమె ఏనాడూ కోపం తెచ్చుకోలేదు. పెట్టింది ఎవరో మాత్రం మూడేళ్ళుగా ఆరా తీస్తూనే ఉంది.

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు రౌండుకి వచ్చాడు. రక్తనాళాల ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన మనిషి. కాగితాలు తిరగేశాడు, చుక్కలు చూశాడు, తల ఊపాడు.

"రక్తం మూడుసార్లు కల్చర్‌కి పంపాం. మూడుసార్లూ ఏ క్రిమీ పెరగలేదు. ఇన్‌ఫెక్షన్ కాదు. నాళం గోడ మీది కొవ్వు పొట్టులా రాలి కిందికి కొట్టుకుపోతోంది, ఈ చుక్కలు అవే. స్టెంట్ పైకొన మళ్ళీ ఇరుకైంది. రేపు పదింటికి దాని లోపలే ఇంకో స్టెంట్ పెట్టేద్దాం."

"అంటే వచ్చే నెలకి డ్యూటీలో చేరతానా సార్?" డ్రైవరు ముఖం వెలిగింది. నెలాఖరుకి డిపోలో ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. అందులో తప్పితే స్టీరింగ్ ముందు నుంచి లేపి టైర్ల గోదాములో కూర్చోబెడతారు.

డౌట్ సిస్టర్ వరండా దాకా డాక్టరు వెంటపడింది. "సార్, ఒక్క మాట."

"మీ ఒక్క మాట ఎప్పుడూ ఒక్కటి కాదు. చెప్పండి."

"కొవ్వు రాలితే జ్వరం ఎందుకండీ? చుక్కలన్నీ స్టెంట్ ఉన్న కాలికే. స్టెంట్ మీదే క్రిములు పట్టి, అక్కణ్ణుంచి కిందికి జారుతున్నాయేమో."

డాక్టరు ఆగాడు. కసిరేస్తాడనుకుంది. కసరలేదు.

"ఆ అనుమానం నాకు రాలేదనుకుంటున్నారా? చాలా అరుదు, కానీ వస్తుంది. నిజంగా అదే అయితే ఇంకో లోహం లోపల పెట్టడమంటే నిప్పు మీద దూది వెయ్యడమే. నాళం కుళ్ళి పగిలితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కానీ అది కాకపోతే? స్టెంట్ పీకాలంటే తొడ కోయాలి, నాళం కోయాలి, రెండో కాల్లోంచి సిర తీసి ఇక్కడ కుట్టాలి. ఆ కుట్టు మూసుకుపోతే కాలు మోకాలి పైకి తీసేయాలి. మూడు కల్చర్లు లేదంటుంటే మీ డౌటు మీద అంత పని చెయ్యమంటారా? రేపు పదింటిలోగా నా చేతిలో ఏదైనా పెట్టండి. ఆపేస్తాను."

ఇరవై అయిదు గంటలు కూడా లేవు.

ఆమె తిన్నగా డ్రైవరు మంచం దగ్గరికి వచ్చి కర్టెన్ లాగింది. గజ్జల దగ్గర, స్టెంట్ పెట్టడానికి గుచ్చిన చోట మచ్చ ఉండాలి. ఉంది. చిన్న గీతలా, తెల్లబారి. దానికి రెండు వేళ్ళ దూరంలో ఇంకొకటి ఉంది. నల్లగా, గుండ్రంగా, మిరియపు గింజంత. వేలు పెడితే కింద గట్టిగా తగిలింది. డ్రైవరు "స్స్" అన్నాడు.

"ఇదేంటి?"

"దోమ కుట్టిందండీ."

"దోమకి అక్కడేం పని?"

పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు నవ్వలేదు. కిటికీ వైపు చూశాడు. అది డౌట్ సిస్టర్‌కి నచ్చలేదు.

కానీ ఆమె మొదటి అనుమానం ఆయన మీదికి పోలేదు. సొంత ఆసుపత్రి మీదికే పోయింది. స్టెంట్ పెట్టేటప్పుడు ఒకసారి గుచ్చి గురి తప్పి, రెండోసారి గుచ్చి, కాగితం మీద ఒకటే అని రాసుకుని ఉంటే? స్టెంట్ దించడానికి గుచ్చి, గంటలో తీయాల్సిన గొట్టాన్ని రాత్రంతా వదిలేసి ఉంటే? మొదటి అంతస్తులో క్యాత్ ల్యాబ్ ఉంది. నాళాల్లోకి గొట్టాలు దించే గది. అక్కడి టెక్నీషియన్ ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు కోటు విప్పుతుండగా దొరికాడు.

"ఆ డ్రైవరు కేసులో ఎన్నిసార్లు గుచ్చారు?"

"ఒక్కసారి అక్కా. రాసే ఉంది కదా."

"రాసింది చదివాను. జరిగింది అడుగుతున్నాను."

టెక్నీషియన్‌కి రోషం వచ్చింది. "ఒక్క పోటు. గంటలో గొట్టం తీసేశాం. ఇరవై నిమిషాలు ఈ చేత్తో నేనే అదిమిపెట్టాను. బొటనవేలు రెండ్రోజులు నొప్పి. కావాలంటే వీడియో ఉంది, కూర్చుని చూసుకో."

"చూస్తాను."

కూర్చుని చూసింది కూడా. ఒక్క పోటే.

"మరి రెండో మచ్చ ఎక్కడిది?" అంది లేస్తూ.

"ఎలా ఉంది?"

"గుండ్రంగా."

"అయితే మాది కాదు. మేం బ్లేడుతో చిన్న గాటు పెట్టాకే గొట్టం దూరుస్తాం. మాది గీతలా మానుతుంది. గుండ్రంగా ఉందంటే ఎవరో లావు సూదితో పొడిచారు." అంటూనే అతనూ ఆగిపోయాడు. "ఎవరు పొడిచారక్కా?"

ఆమె మెట్లెక్కుతూ అదే ఆలోచిస్తోంది. ఆసుపత్రిలో పొడవలేదు. అయితే బయట పొడిచారు. ఎవరో, ఎందుకో ఆ డ్రైవరుకి తెలుసు. తెలిసీ దోమ అన్నాడు.

నర్సుల గదిలో జ్వరం చార్టు తెరిచింది. ఐదు రోజుల గీత. మొదటి సాయంత్రం నాలుగింటికి నూట రెండు. రాత్రికి మామూలు. మర్నాడంతా మామూలు. మూడో రోజు మళ్ళీ ఎక్కింది, మళ్ళీ రాత్రికి దిగింది. జ్వరం మాత్ర వేస్తే దిగాలి, మాత్ర పని అయిపోగానే మళ్ళీ ఎక్కాలి. ఇది అలా లేదు. ఎవరో బ్రేకు వేసినట్టు ఆగిపోతోంది.

మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళింది. "నాలుక చాపండి."

"ఇప్పుడు నాలుక మీద కూడా గీస్తారా?"

"చాపండి."

పెరుగు పేరినట్టు తెల్లటి పూత. చెక్కపుల్లతో గీకితే కింద ఎర్రగా ఉంది.

"రుచి తెలియట్లేదు సిస్టర్. రెండు వారాల నుంచీ ఇంతే. గడ్డి తిన్నట్టుంది."

ఈ పూత ఆమెకి కొత్త కాదు. షుగరు బాగా ముదిరినవాళ్ళకి వస్తుంది. ఈయనకి షుగరు లేదు. లేదంటే వారాల తరబడి యాంటీబయాటిక్ మింగేవాళ్ళకి వస్తుంది. ఈయన చార్టులో ఒక్క యాంటీబయాటిక్ కూడా రాసి లేదు. అంటే ఈ మనిషికి తన కంటపడని చార్టు ఇంకొకటి ఎక్కడో నడుస్తోంది.

అలాంటప్పుడు రక్తంలో క్రిములు పెరగకపోవడం వింతేముంది? కల్చర్ సీసాలోకి చేరకముందే ఎవరో మందుతో వాటి పీక నొక్కేస్తున్నారు.

ముందు భార్య సంచీ మీద పడింది. తువ్వాలు, దువ్వెన, రెండు జాకెట్లు, కుట్టుదారం, తలనొప్పి బామ్.

"ఏం వెతుకుతున్నారు సిస్టర్, బంగారమా?" అంది ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని. "ఉంటే నాకూ చూపించండి, ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను."

డౌట్ సిస్టర్ ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో కోపం ఉంది, అలసట ఉంది. భయం లేదు. ఈవిడ కాదు.

"మీ వారికి ఇక్కడి మందులు కాక ఇంకేమైనా ఇస్తున్నారా?"

"నేనా? మంచినీళ్ళు కూడా మిమ్మల్ని అడిగే కదా ఇస్తున్నాను."

నాలుగున్నరకి చూడవచ్చేవాళ్ళ గంట మోగింది. డౌట్ సిస్టర్ దుప్పట్ల బండి వెనక నిలబడి, ఉన్న దుప్పట్లనే మళ్ళీ మళ్ళీ మడతపెట్టసాగింది.

డ్రైవరు బావమరిది వచ్చాడు. భార్యకి సొంత తమ్ముడు. మందుల షాపు నడుపుతాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టీలు ఫ్లాస్కు. రోజూ ఇదే వేళకి వస్తాడు. అతను రాగానే అక్క కిందికి వెళ్ళి టీ తాగి, కాస్త నడుం వాల్చి వస్తుంది. ఇవాళా లేచింది.

"బావా, గోరువెచ్చటి నీళ్ళు తెచ్చాను, తాగు."

ఐదు రోజులుగా వింటున్న మాటే. ఇవాళ ఎక్కడో గుచ్చుకుంది. వార్డు మూలన వేణ్ణీళ్ళ కుళాయి ఉంది. మంచానికి పది అడుగుల దూరం. ఊరు దాటి ఫ్లాస్కులో నీళ్ళు మోసుకొచ్చే మనిషి నీళ్ళ కోసం మోసుకురాడు.

బావమరిది ఫ్లాస్కు మూత తిప్పాడు. నీళ్ళు వంచకముందు ఆ మూతను అరచేతిలో బోర్లించాడు. డ్రైవరు చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికొచ్చింది.

"ఆ చెయ్యి అలాగే ఉంచండి."

బండి వదిలేసి ఎప్పుడొచ్చిందో ఆమె మంచం పక్కనే ఉంది. బావమరిది అరచేయి విప్పించింది. కాగితంలో చుట్టిన రెండు క్యాప్సూల్స్. సగం ఎరుపు, సగం నలుపు.

"విటమిన్లు సిస్టర్" అన్నాడు బావమరిది.

"అవునా? అయితే ఒకటి మింగు."

మింగలేదు. అప్పటికే మెట్ల దాకా వెళ్ళిన అక్క వెనక్కి తిరిగింది. తమ్ముడి ముఖం, మొగుడి ముఖం మార్చి మార్చి చూసింది.

"ఒరేయ్. ఏంట్రా అవి?"

"అక్కా, నువ్వు టీకి వెళ్ళు."

"టీ ఎక్కడికీ పోదు. చెప్పు."

చెప్పాడు. స్టెంట్ పెట్టించుకుని ఇంటికి వచ్చిన మూడో రోజు గజ్జల్లో నిమ్మకాయంత వాపు వచ్చింది. చర్మం కింద రక్తం గడ్డకట్టింది. ఆసుపత్రికి పోదామంటే బావ వద్దన్నాడు. డిపోలో తెలిస్తే స్టీరింగ్ ఇవ్వరన్నాడు. షాపు వెనక గదిలో, అట్టపెట్టెల మీద పడుకోబెట్టి, లావు సూది సిరంజితో లాగేశాడు. నల్లటి రక్తం వచ్చింది. వాపు దిగింది. ఇద్దరూ సంబరపడ్డారు. పది రోజులకి జ్వరం వచ్చింది. క్యాప్సూల్స్ మొదలయ్యాయి. వేస్తే తగ్గేది, ఆపితే వచ్చేది.

"నువ్వు డాక్టరువట్రా?" అక్క గొంతు వార్డంతా వినిపించింది.

"పద్దెనిమిదేళ్ళుగా మందులమ్ముతున్నాను అక్కా."

"ఇరవై ఏళ్ళుగా ఈయన బస్సు నడుపుతున్నాడు. ఇంజను విప్పి బాగుచెయ్యమంటే చేస్తాడా?"

డ్రైవరు దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు.

బావమరిది క్యాప్సూల్స్ సిస్టర్ చేతిలో పెట్టేశాడు. "చెబితే స్టెంట్ తీసేస్తారని, కాలు పోతుందని బావ భయం. నేనే పొడిచానని తెలిస్తే అక్క ముఖం ఎలా చూడాలని నా భయం."

డౌట్ సిస్టర్‌కి అతన్ని కొట్టాలనిపించింది. నీళ్ళు కూడా ఇవ్వాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఆ లోహం మీద క్రిములు పాకురులా పట్టుకున్నాయి. నీ క్యాప్సూల్ వాటిని పీకలేదు. రక్తంలోకి దిగినవాటినే చంపుతుంది. అందుకే జ్వరం తగ్గింది. అందుకే మా సీసాల్లో ఏమీ పెరగలేదు. ఇల్లు కాలుతుంటే నువ్వు మంట ఆర్పలేదయ్యా, పొగ కనపడకుండా తలుపులేశావు."

పావుగంటలో క్యాప్సూల్స్ పెద్ద డాక్టరు చేతిలో ఉన్నాయి. ఆయన వాటి మీది పేరు చదివాడు. తరవాత ఫోన్ తీసి రేపటి పదింటి కేసు రద్దు చేశాడు.

"నేను అడగాల్సింది" అన్నాడు. "బయట ఏమైనా వాడుతున్నారా అని మొదటి రోజే అడగాల్సింది."

"అడిగాం సార్. కాగితం మీద ఆయన సంతకం ఉంది. ఏమీ లేదని."

ఆ సాయంత్రమే స్కాన్ తీశారు. స్టెంట్ చుట్టూ మసకగా నీడ. చీమూ కావచ్చు, మామూలు వాపూ కావచ్చు. దాంతో తేలదు. క్రిమి ఏదో తెలిస్తేనే ఏ మందు వాడాలో తెలుస్తుంది. క్యాప్సూల్స్ ఆపి రెండు రోజులు కాపలా కాయాలి. జ్వరం వచ్చిన క్షణాన రక్తం తీయాలి. ఈలోగా నాళం ఏ మాత్రం ఉబ్బినా ఆపరేషన్ గది సిద్ధంగా ఉండాలి.

డౌట్ సిస్టర్ డ్రైవరు దిండు గలీబు విప్పింది.

"ఇంకేం లేవు సిస్టర్, ఒట్టు" అన్నాడాయన.

గలీబు మూలలోంచి ఆరు క్యాప్సూల్స్ ఉన్న అట్ట జారి నేల మీద పడింది.

"అది పాతది" అన్నాడు నీరసంగా.

ఆయన భార్య ఆ అట్ట తీసుకుని సిస్టర్ చేతిలో పెట్టింది. స్టూలును మంచానికి ఆనించి జరుపుకుంది. "ఇక ఈయన రెప్ప వేసినా మీకు చెబుతాను."

మొదటి రోజు ఏమీ లేదు. డ్రైవరు హుషారుగా ఉన్నాడు. "చూశారా, నాకేం లేదు. అనవసరంగా భయపెట్టారు." డౌట్ సిస్టర్‌కి తన మీదే అనుమానం వచ్చింది. తాను తప్పా? రెండో రోజు ఉదయం కూడా తొంభై ఎనిమిదిన్నర. ఆమె థర్మామీటరును అనుమానించి ఇంకోటి తెప్పించింది. అదీ అదే చెప్పింది.

మధ్యాహ్నం రెండింటికి ఆయన భార్య కేక వేసింది. మంచం ఊగిపోతోంది. డ్రైవరు పళ్ళు టకటకమంటున్నాయి. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. నూట మూడు.

ఒక్క మందు వెయ్యకముందే కుడి చేతి నుంచి ఒకసారి, ఎడమ చేతి నుంచి ఒకసారి, కాసేపాగి మళ్ళీ కుడి చేతి నుంచి రక్తం తీశారు. ప్రతి సీసా మూతనీ ఆమే స్పిరిట్‌తో తుడిచింది, ప్రతి లేబులూ ఆమే రాసింది. ఆ తరవాతే డాక్టరు సెలైన్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టించాడు. పాదం మీద చుక్కలు పందొమ్మిది. చిటికెన వేలు, దాని పక్క వేలు నీలంగా మారుతున్నాయి.

మర్నాడు ఉదయం పదకొండింటికి ల్యాబు నుంచి ఫోన్.

"సిస్టర్, పెరిగాయి. మైక్రోస్కోపు కింద ద్రాక్ష గుత్తుల్లా ఉన్నాయి. చర్మం మీద ఉండే రకమే, కానీ మొండిది."

"ఎన్ని సీసాల్లో?"

"అన్నిట్లోనూ."

"లేబుళ్ళు సరిగ్గా చూశావా?"

"రాసింది మీరే కదా సిస్టర్!"

"అందుకే అడుగుతున్నాను."

రెండో స్కాన్‌లో నీడ చిక్కబడింది. స్టెంట్ పైకొన దగ్గర నాళం గోడ శనగగింజంత ఉబ్బి ఉంది. పగలడానికి సిద్ధంగా ఉన్న బుడగ. పెద్ద డాక్టరు డ్రైవరు మంచం మీదే కూర్చుని, దాచకుండా చెప్పాడు. "ఇవాళే తీసేయాలి. కాలు దక్కించడానికే చూస్తాను. దక్కుతుందని మాట ఇవ్వలేను."

డ్రైవరు ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. "టైర్ల గోదాములో కూర్చోవడానికైనా కాలు ఉండాలి కదా సార్" అన్నాడు. సంతకం చేశాడు. ఈసారి కాగితం మీద ఉన్నదంతా చదివి మరీ చేశాడు.

ఐదు గంటలు పట్టింది. తొడ తెరిచి, స్టెంట్‌తో సహా కుళ్ళిన నాళం ముక్క తీసేశారు. కుడి కాల్లోంచి తీసిన సిరను, చీము పట్టిన దారి తప్పించి, మంచి కండ మధ్యగా కొత్త దారిలో కుట్టారు. మళ్ళీ లోహం గానీ, గుడ్డతో నేసిన కృత్రిమ గొట్టం గానీ పెట్టలేదు. సొంత సిర ఒక్కటే క్రిములకు అంత త్వరగా లొంగదు. బయటికి వచ్చాక డాక్టరు స్టీలు పళ్ళెం చూపించాడు. వేలెడు పొడవు జల్లెడ గొట్టం. అల్లిక సందుల్లో పసుపుపచ్చ జిగురు.

"దీని లోపల ఇంకోటి పెట్టబోయాను" అన్నాడు.

రెండు చిన్న వేళ్ళు నల్లబడ్డాయి, వాటిని తీసేయాల్సి వచ్చింది. పాదం మిగిలింది. ఆరు వారాలు రోజూ సూది మందు. బావమరిది తన షాపు వెనక గదిలో ఏం చేశాడో తన చేత్తోనే రాసి, మందుల షాపుల మీద తనిఖీ చేసే ఆఫీసుకి పంపాడు. రాయించింది అక్క. పక్కనే నిలబడి అక్షరం అక్షరం చదివింది.

ఆరో వారం చివర డౌట్ సిస్టర్ మంచం కొసన నిలబడి, డ్రైవరు ఎడమ అరికాలికి తన అరచేయి ఆనించింది. పాదం వెచ్చగా ఉంది. చర్మం మీద నీలం సున్నాలు ఎప్పుడో చెరిగిపోయాయి. కొత్తగా గీయడానికి ఏమీ లేదు.

"క్లచ్ తొక్కండి."

తొక్కాడు. ఆమె చెయ్యి వెనక్కి పోయింది.

"ఇది సెకండ్ గేరుకే సరిపోతుంది. ఇంకా తొక్కండి."

"సిస్టర్, బస్సు కూడా ఇంత అనుమానంగా చూడదు నన్ను" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ నవ్వుతూ. మళ్ళీ తొక్కాడు. ఈసారి ఆమె ఒక అడుగు వెనక్కి వేయాల్సి వచ్చింది.

నాలుగున్నర గంట మోగింది. బావమరిది ఫ్లాస్కుతో వచ్చాడు. ఎవరూ అడక్కుండానే మూత తిప్పి, బోర్లించి, డౌట్ సిస్టర్ ముందు పెట్టాడు.

ఆమె దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఖాళీ.

కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూసింది.